పిల్లి మీద దురాయి

మా పాలెంలో ఒక పిల్లి మీద పంచాయితీ జరిగింది. నవ్వకండి. పెద్దమనుషులు తలగుడ్డలు చుట్టుకుని, ఇసుకలో చాపలు పరుచుకుని, ఆకువక్క నములుతూ, పొద్దు నడినెత్తికి వచ్చేదాకా మాట్లాడి మాట్లాడి, చివరికి నేరం పిల్లిదేనని తేల్చారు. నయాపైసలు వచ్చిన మరుసటేటి సంగతి. అప్పటికి మా తమ్ముడు పోలేరయ్యను ఇసుకలో కప్పెట్టి పక్షం కూడా కాలేదు.

జరిగింది ఇది. ఆ రోజు పోలేరయ్య, ఇంకో ఇద్దరు కామాక్షయ్య తెప్ప మీద వేటకు పోయారు. తెప్పంటే ఏముంది, నాలుగు దుంగలు పక్కపక్కన పెట్టి కొబ్బరి పీచు తాళ్ళతో బిగించి కడతారు. వేట నుంచి రాగానే విప్పి దుంగల్ని ఎండేస్తారు, మళ్ళీ పోయేటప్పుడు కట్టుకుంటారు. మేకు లేదు, మర లేదు, మనిషి ప్రాణమంతా ఆ తాళ్ళలోనే ఉంటుంది. ఒడ్డు నుంచి చూస్తే మనుషులు కనిపించేంత దగ్గర్లోనే పెద్ద అల వచ్చి కొట్టేసరికి ముందు కట్టు తెగింది. దుంగలు విడిపోయాయి. ఇద్దరు ఒక దుంగను కరుచుకుని బయటపడ్డారు. మావాడి తలకు ఇంకో దుంగ తగిలింది. సాయంత్రానికి అలలే వాణ్ణి తెచ్చి ఒడ్డున పడేశాయి.

తాళ్ళు తెప్ప గలవాడు ఇవ్వాలి. అది మాలో తాతల నాటి పద్ధతి. మేము ఒళ్ళు వంచుతాం, ఆయన తెప్పా తాళ్ళూ వలా ఇస్తాడు. ఆ తాళ్ళు నానినాని కుళ్ళిపోయాయని, మార్చమని మావాడు నా ఎదుటే కామాక్షయ్యను అడిగాడు. గాలి మారనీ, కొత్తవి తెప్పిస్తాను, అందాకా ఇవి చాల్లే అన్నాడు ఆయన. ఒడ్డుకు కొట్టుకొచ్చిన దుంగకు వేలాడుతున్న తాడు ముక్కను నేను పట్టుకుని చూశాను. నలిపితే పీచు పీచుగా చేతిలోకి వచ్చేసింది. మర్నాడు పోయి చూద్దును గదా, దుంగలు వరసగా ఎండుతున్నాయి, తాడు పోగు కూడా లేదు.

ఈ కామాక్షయ్య తెప్పల ఆసామి మాత్రమే కాదు, పాలెం పెద్ద కూడా. తప్పు ఎవరిదో విచారించే నోరూ ఆయనదే. ఇక విచారణ ఎటు పోతుందో వేరే చెప్పాలా.

ఆ పొద్దున పోలేరయ్య వల భుజాన వేసుకుని గడప దాటుతుంటే వాడు పెంచిన పిల్లి అడ్డం ఉరికిందట. వాడు వెనక్కి వచ్చి నీళ్ళు తాగి కూర్చోకుండా అట్లాగే పోయాడట. అదీ కామాక్షయ్య తేల్చిన సంగతి. పెంచిన పిల్లి అన్నాక రోజూ అడ్డమే వస్తుంది, కాళ్ళకు చుట్టుకుంటుంది. ఆ లెక్కన మావాడు ఎన్నిసార్లు చచ్చి ఉండాలి? ఈ మాటే అనబోయి లేచాను. నా మొగుడు ముత్యాలయ్య కొంగు పట్టి లాగి కూలేశాడు. ఆయన కామాక్షయ్య వల లాగే మనిషి. ఇంట్లో నా మీద ఎంత గొంతు లేస్తుందో, ఆ చాపల దగ్గర అంతా కడుపులోకి పోతుంది.

పెద్దలు దురాయి వేశారు. మాలో కులం కట్టుకు ఆ పేరు. దాన్ని దాటినవాడికి పాలెంలో నీళ్ళు పుట్టవు, నిప్పు పుట్టదు. పిల్లి పాలెం విడిచేదాకా పోలేరయ్య ఇంటికి ఎవరూ నీళ్ళు పోయకూడదు, చేప పంచకూడదు. పిల్లి తిరిగొచ్చే జాతి కాబట్టి ఎక్కడో వదిలేసి వచ్చామంటే ఒప్పుకోరు. పాలెం వెనకున్న సరస్సు దాటి అవతల ఇంకో ఇంటి గడప లోపల పడాలి, ఆ ఇంటివాళ్ళు ఇది మాది అనాలి. గంగమ్మకు పొంగలి పెట్టే పున్నమి లోపల ఇదంతా అయిపోవాలి. కాకపోతే ఆ ఇంటి ఆడది కూడా పిల్లితో పాటు పాలెం విడవాలి.

చంపేస్తే పోయేది గదా అంటారేమో. అమ్మో, పిల్లిని చంపితే ఎంత పాపం. బంగారంతో పిల్లిని చేయించి దానం ఇవ్వాలట. మనిషి చస్తే మాత్రం పిల్లిని చూపిస్తే సరిపోయింది.

ఆ ఇంటి ఆడది అంటే నా తమ్ముడి పెళ్ళాం మాలకొండమ్మ. దానికి పోవడానికి పుట్టిల్లు అంటూ ఉంటే గదా. తల్లీతండ్రీ చిన్నప్పుడే పోయారు. పెంచిన మేనమామ మావాడికి కట్టబెట్టి చేతులు దులుపుకున్నాడు, మొన్న కర్మకు వచ్చి అన్నం తిని చెప్పనైనా చెప్పకుండా పోయాడు. ముండమోసిన పిల్ల నెలలు గడిచేదాకా గడప దాటకూడదు. ఇంట్లో మూలన కూర్చుని ఉంది. దాని ఎదురుగా పొయ్యి వెనక సందులో ఆ పిల్లి కూర్చుని ఉంది.

దాని పేరు సుక్కి. బూడిద రంగు, నుదుటి మీద తెల్లటి చుక్క. కాలవ మీద కట్టెలు తీసుకుపోయే పడవలో పుడితే పోలేరయ్య అడిగి తెచ్చుకున్నాడు. మునుపు మనిషి కనిపిస్తే చాలు ఒళ్ళోకి ఎక్కేది. ఏడుపులు, డప్పులు, ఆపైన పంచాయితీ అయిన దగ్గర్నుంచి కనిపించినవాళ్ళంతా రాళ్ళేస్తే దాని చెవి చీలింది. ఎవరో వేణ్ణీళ్ళు కూడా పోశారు. ఇక ఆ సందులోంచి రాదు, తినదు, అరవదు. చెయ్యి పెడితే ఒళ్ళంతా వణుకు.

మాలకొండమ్మ నా రెండు చేతులు పట్టుకుంది. "ఆయన తినే చేపలో తల దీనికే ఏసేవాడు వదినా. యాడనో ఒకచోట పడేసి రామాక. రోంత మెతుకులు పెట్టే ఇల్లు చూడు. నీకు పది ఊళ్ళు తెలుసు" అని ఏడ్చింది.

తెలుసు. ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని సరస్సు దాటి దొరవారిసత్రం, నాయుడుపేట దాకా తిరిగే దాన్ని నేను. నా లెక్క నాకుంది. ముందు పిల్లికి ఇల్లు చూస్తాను. ఈ పిల్లకు నీళ్ళూ నిప్పూ నిలబడతాయి. అప్పుడు పున్నమి పంచాయితీలో లేచి తాళ్ళ సంగతి అడుగుతాను, ఎవడు కొంగు లాగుతాడో చూస్తాను. నా తమ్ముడి చావుకు ఎవరు జవాబు చెప్పాలో ఆ చెప్పాల్సిన మనిషి చేతనే చెప్పిస్తాను. ఇట్లా అనుకుని మూత ఉన్న బుట్టలో పోలేరయ్య పాత వలగుడ్డ వేసి, సుక్కిని అందులో కుక్కి, పడవెక్కాను. పడవవాడు చూస్తే ఎక్కించుకోడని బుట్ట మీద ఎండు నెత్తళ్ళ చేపల సంచి పెట్టాను. దారి పొడుగునా అది కిక్కురుమనలేదు. భయానికి బుట్టంతా తడిపేసింది, అంతే.

దొరవారిసత్రంలో ఆదిశేషమ్మ గారిది పెద్ద సేద్యం ఇల్లు. పెరట్లో వడ్ల గరిసెలు, గరిసెల కింద ఎలుకలు. పిల్లి ఉంటే చూడు పేరమ్మా అని ఆమే నన్ను ఎన్నోసార్లు అడిగి ఉంది. బుట్ట మూత తీయగానే సంబరపడింది. కొబ్బరి చిప్పలో పాలు పోసింది. ఎందుకు ఇస్తున్నావని ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. సుక్కి గరిసె వెనక దూరి కళ్ళు మాత్రం కనిపించేట్టు కూర్చుంది. హమ్మయ్య, ఒక పని అయిందనుకుని వచ్చాను.

మళ్ళీ బేరానికి పోయేసరికి బుట్ట అరుగు మీద ఉంది, మూతకు గుడ్డ కట్టి. సుక్కి గరిసె వెనక నుంచి బయటికే రాలేదట. ఎలుకలు దాని ముక్కు ముందే తిరిగాయట. పొద్దు వాలితే ఏడుపు ఎత్తుకునేదట. ఇంట్లో పిల్లి ఏడిస్తే చెడు జరుగుతుందని మామగారు గోల పెట్టారట. అంతవరకూ అయితే నేను సర్దిచెప్పేదాన్నే. మా పాలెం నుంచి బేరానికొచ్చే ఆడవాళ్ళలో ఒకామె నోరు ఊరుకోలేదు, ఈ ఇంటికొచ్చి పంచాయితీ సంగతంతా పూసగుచ్చినట్టు చెప్పి పోయింది.

"మొగుణ్ణి తిన్న పిల్లిని తెచ్చి మా ఇంట్లో పెడతావా పేరమ్మా? నేను నీకేం అన్యాయం చేసినాను?" అంది ఆదిశేషమ్మ గారు. ఆ రోజు చేపలు కూడా తీసుకోలేదు. నా గంపలో చేపలు కూడా ఎవర్నో తిన్నాయి కాబోలు.

బుట్ట తీసుకుని నాయుడుపేట బస్సెక్కాను. బస్టాండు పక్కన కాఫీ హోటలు ఆయన పిండి మూటల్ని ఎలుకలు కొడుతున్నాయని మొత్తుకుంటుంటే ఇచ్చాను. ఈసారి సంగతంతా ముందే చెప్పాను. ఆయన నవ్వి, నాకు పెళ్ళాం లేదు, నేను పోయినా ముండమోసేవాళ్ళు లేరులే అన్నాడు. మంచివాడే అనుకున్నాను. ఈ మాటు ముఖం చూసి మోసపోయాను. మరో బేరానికి పోయి చూద్దును గదా, పిల్లి మెడకు గోనెతాడు వేసి రుబ్బురోలు పక్కన గుంజకు కట్టేసి ఉన్నాడు. విప్పితే పారిపోతుందట. కాఫీ తాగే పనిలేని వెధవలంతా చీపురు పుల్లతో దాన్ని పొడిచి, అది గోడకు అతుక్కుపోతుంటే నవ్వుతున్నారు. మెడ చుట్టూ బొచ్చు ఊడి పుండు పడింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. చేపల కత్తితో తాడు కోసేశాను. ఆయన్ని, ఆయన హోటల్ని, అక్కడ కూర్చున్నవాళ్ళని నోటికొచ్చినట్టు కడిగేశాను. ఆయనా ఊరుకోలేదు, మా కులమంతటినీ కలిపి తిట్టాడు. సుక్కి నా చేతిని రక్కి రక్తం తెచ్చింది. రక్కితే రక్కింది. దాన్ని ముట్టుకున్న చేతులన్నీ అట్లాంటివే అయితే అదేం చేస్తుంది.

ఇక పున్నమి దగ్గరపడింది. పాలెంలో మాలకొండమ్మ ఇంటి కుండలు బోర్లించి ఉన్నాయి. నేనే పెరటి కంచె సందులోంచి చెంబుతో నీళ్ళు అందిస్తున్నాను. ముత్యాలయ్య చూసి కూడా చూడనట్టు ఇంటి చూరు వంక చూస్తున్నాడు. ఆ చెంబు ఎవరి కంట పడినా మా ఇంటికి కూడా నీళ్ళు బంద్. ఆ పూట పిల్లికి ఇల్లు దొరక్కపోతే నేను ఇంటికి ఏ ముఖం పెట్టుకుని పోవాలి?

నాయుడుపేటలోనే ఆసుపత్రి వెనక పెంకుటిళ్ళ వరసలో రెబెక్కమ్మ ఉండేది. ఆసుపత్రిలో ఆయా. ఒంటరి మనిషి, గయ్యాళి అని పేరు. నా దగ్గర నెత్తళ్ళు కొనేటప్పుడు బేరం ఆడదు, కబుర్లు చెప్పదు. నాకు ఇంకెవరూ తోచక ఆమె గుమ్మంలో గంప దించి, ఇంకెక్కడా చెప్పుకోలేనిదంతా చెప్పేశాను, పిల్లి సంగతీ తాళ్ళ సంగతీ. నన్ను చూసి ఏమనుకుందో, లోపలికి పిలిచి తలుపు వేసింది. బుట్టను నులక మంచం కింద పక్కకు వాల్చి పెట్టమంది. వలగుడ్డ తీయొద్దంది. చేప ముక్క ఒకటి బుట్ట ఎదురుగా పెట్టి, మంచం మీద కూర్చుని ఆకు వేసుకుంది. దాన్ని చూడమాక, దాని పాటికి దాన్ని వదిలెయ్యి అంది. నన్నూ పక్కన కూర్చోబెట్టుకుంది.

అప్పుడు అడిగింది. "ఇంత పిల్లి సముద్రంలోకి పోయి తాడు కొరికిందా?"

మా పాలెంలో ఇన్ని నోళ్ళు ఉన్నాయి. ఒక్క నోరు ఈ మాట అడగలేదు. తమ్ముడు పోయిన దగ్గర్నుంచీ నేను కోపంతోనే తిరుగుతున్నాను, కంట నీళ్ళు పెట్టలేదు. ఎవరో ఏమీ కాని మనిషి ఇంట్లో, నులక మంచం కోడు పట్టుకుని అప్పుడు ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు, ఏడవనిచ్చింది. నేను ముక్కు చీదుకునేసరికి మంచం కింద చప్పుడవుతోంది. సుక్కి చేప తింటోంది.

బయట నాతో పాటు బేరానికొచ్చిన మా పాలెం ఆడవాళ్ళు ఉన్నారు. రెబెక్కమ్మ వాళ్ళ ముందుకొచ్చి, "ఆ పిల్లి నాది. ఎవురడిగినా నా ఇల్లు చూపించండి" అని లోపలికి పోయి తలుపేసుకుంది. నాకు ఆమె కాళ్ళు మొక్కాలనిపించింది.

పున్నమి మధ్యాహ్నం పంచాయితీ కూర్చుంది. రెబెక్కమ్మ మాట విన్న ఆడవాళ్ళు సాక్ష్యం చెప్పారు. పెద్దలు దురాయి ఎత్తేశారు. కామాక్షయ్య పెళ్ళాం స్వయంగా బిందె మోసుకుపోయి మాలకొండమ్మ గడపలో నీళ్ళు పోసింది. ఆ వెనక ఊరంతా పోసింది. కుండలన్నీ నిండాయి. ఒకరు నిప్పు తెచ్చారు, ఒకరు చేపలు తెచ్చారు. మొన్న రాళ్ళేసిన చేతులే అవి. ఎంత ప్రేమో అందరికీ.

అప్పుడు లేచాను. కామాక్షయ్య మామా, పిల్లి సంగతి అయిపోయింది, ఇప్పుడు తాళ్ళ సంగతి చెప్పు అన్నాను. మావాడు నా ఎదుటే అడిగాడన్నాను. తెగిన తాడు నా చేతిలో పీచైపోయిందన్నాను. బతికి బయటపడిన ఇద్దరూ ఇక్కడే ఉన్నారు, వాళ్ళను అడగండి అన్నాను. ఆ ఇద్దరూ ఇసుకలో ఏదో పారేసుకున్నట్టు తలలు దించుకున్నారు. వాళ్ళూ మర్నాడు ఆయన తెప్ప ఎక్కాల్సినవాళ్ళే.

కామాక్షయ్యకు కోపం రాలేదు. కోపం వచ్చినా బాగుండేది. బిడ్డకు చెప్పినట్టు మెల్లగా చెప్పాడు. "మే పేరమ్మా, పిల్లిని మోసకపోయి ఇంకో ఇంట్లో పెట్టొచ్చింది ఎవురు? నువ్వే గదా. పోలేరయ్య తోబుట్టువే దురాయి తలకెత్తుకునింది. తప్పు పిల్లిది కాకుంటే ఎందుకు మోసినావు? మోసినాక ఒప్పుకున్నట్టే. తెగిన పంచాయితీ మళ్ళా ఎత్తేది మన కులంలో ఉండాదా?"

లేదు. అది నాకు పుట్టిన దగ్గర్నుంచీ తెలుసు. దురాయి వేస్తే ఒప్పుకోనివాడు ఎదురు తిరిగి నీళ్ళూ నిప్పూ లేకుండా కూర్చుంటాడు. మోసినవాడు ఒప్పుకున్నట్టే, ఆ మాట మళ్ళీ ఎత్తకూడదు. మనుషులకు వేసిన దురాయిలు ఎన్ని చూడలేదు నేను? పిల్లిని బుట్టలో పెట్టుకుని ఊరూరా తిరిగేటప్పుడు, ఇది కూడా అదేనని నా మట్టిబుర్రకు తట్టలేదు. అభం శుభం తెలియని జంతువుకు ఇంత నీడ చూస్తున్నానే అనుకున్నాను. కామాక్షయ్యకు మాత్రం మొదటి రోజే తెలుసు. అందుకే నా బుట్టను ఎవరూ అడ్డుకోలేదు. నా తమ్ముడి నెత్తురు ఆయన చేతి మీద ఉంటే, ఊళ్ళు తిరిగి తిరిగి నేనే కడిగిపెట్టాను. ఈసారి ముత్యాలయ్య నా కొంగు లాగలేదు. ఆ అవసరం రాలేదు, నేనే కూర్చున్నాను.

పంచాయితీ లేచాక మాలకొండమ్మ దగ్గరికి పోయాను. ఇంట్లో పొయ్యి వెలుగుతోంది, చేపల పులుసు వాసన వస్తోంది. జరిగింది చెప్పాను. కులంలో దారి లేకపోతే లేకపోయింది, అవతల పోలీసు ఠాణా ఉంది, నువ్వు నోరు తెరిస్తే నీ మాటకు విలువ ఉంటుంది, పెళ్ళానివి, నీ నెలలు గడవగానే ఇద్దరం పోదాం అన్నాను. అది పొయ్యిలోకి ఇంకో పుల్ల తోసింది. సరే, దాని మనసు కాస్త కుదుటపడుతుందని సుక్కి మాట ఎత్తాను. చేప తినిందని, మంచం కింద మూతి తుడుచుకుంటుంటే చూసి వచ్చానని, రెబెక్కమ్మ మంచిదని చెప్పాను.

"ఆ పిల్లి మాట నా దగ్గిర ఎత్తమాక వదినా" అంది.

నాకు అర్థం కాలేదు. ఏందిమే అన్నాను.

"పిల్లే సంపింది ఆయన్ని." నా ముఖం చూడకుండానే అంది. "నువ్వు కూడా అట్టనే అనుకో. నేను ఈడనే బతకాల గదా."

తిడదామని నోరు తెరిచాను. ఊరంతటినీ తిట్టిన నోరు, హోటలు ముందు నిలబడి తిట్టిన నోరు, ఆ పిల్ల ముందు లేవలేదు. దానికి ఇరవై ఏళ్ళు కూడా ఉండవు. అది లేచి, నిండు కుండలో చెంబు ముంచి తెచ్చింది. ఎండన పడి వచ్చినావు, తాగు వదినా అంది. కామాక్షయ్య పెళ్ళాం పోసిన నీళ్ళు అవి. గొంతు ఎండిపోయి ఉంది, తాగాను.